అంబాసిడర్ గేరు ఎందుకు గీపెడుతుంది?

కారులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళేటప్పుడు ఒక చప్పుడును మీరు ఎప్పుడో ఒకసారి వినే ఉంటారు. డ్రైవరు గేరు మార్చబోతాడు. లోపలి నుంచి “కర్ ర్ ర్” మని, రంపంతో రేకును కోసినట్టు, ఒళ్ళు జలదరించే శబ్దం వస్తుంది. డ్రైవరు ముఖం చిట్లించి, మళ్ళీ క్లచ్ తొక్కి, మళ్ళీ ప్రయత్నిస్తాడు. కొత్త కార్లలో ఇది అరుదు. పాత కార్లలో, అందులోనూ వయసు మళ్ళిన అంబాసిడర్లలో, తరచుగా వినిపిస్తుంది.

గేరుబాక్సు అనేది మూత వేసిన ఇనుప పెట్టె. లోపల ఏం జరుగుతోందో పైకి కనిపించదు. దాన్ని కిందికి దించి విప్పాలంటే ఒక పూట పని, బోలెడంత కూలి. కాబట్టి మంచి మెకానిక్కు ముందే విప్పడు. బయట నుంచే కొన్ని పరీక్షలు చేసి, తప్పు ఎక్కడుందో తేల్చుకుంటాడు. డాక్టరు పొట్ట కోయకుండానే నాడి చూసి, గుండె చప్పుడు విని జబ్బును పోల్చినట్టన్నమాట. ఆ పరీక్షల వెనక ఉన్నదంతా మీరు బడిలో చదువుకునే భౌతికశాస్త్రమే.

ముందు గేర్లు అసలెందుకో చూద్దాం. మీ సైకిలు దగ్గరకు వెళ్ళి, పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి ఎన్ని పళ్ళున్నాయో, వెనక చక్రం దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ముందు 44, వెనక 18 ఉన్నాయనుకోండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండున్నర చుట్ల దాకా తిరుగుతుంది. వేగం పెరిగింది. కాని ఆ మేరకు తిప్పే బలం తగ్గింది. అందుకే గట్టు ఎక్కేటప్పుడు మీరు సీటు మీంచి లేచి, బరువంతా వేసి తొక్కుతారు. కారులో దీనికి తిరగేసిన ఏర్పాటు ఉంటుంది. ఇంజను చాలా చుట్లు తిరిగి, చక్రాలను కొద్ది చుట్లే తిప్పుతుంది. వేగం తగ్గిన మేరకు తిప్పే బలం పెరుగుతుంది. ఈ తిప్పే బలాన్నే మీ పుస్తకాల్లో బలభ్రామకం అంటారు, షెడ్డులో టార్క్ అంటారు.

మన అంబాసిడర్‌నే తీసుకుందాం. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ దాన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారుచేసింది. 1950ల చివర మొదలైన తయారీ 2014లో ఆగిపోయింది. చాలా ఏళ్ళ పాటు దానికి 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను, నాలుగు గేర్లు ఉండేవి. గేరు రాడ్డు నేల మీద కాక స్టీరింగు గొట్టం పక్కన ఉండేది. అందుకే ముందు సీటు ఒకే పొడుగాటి బెంచీలా ఉండి, డ్రైవరు పక్కన ఇద్దరు, ఇరుక్కుంటే ముగ్గురు కూడా కూర్చునేవారు!

ఆ కారు మొదటి గేరులో ఇంజను సుమారు 3.8 చుట్లు తిరిగితే బయటి షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. రెండో గేరులో సుమారు 2.25 చుట్లు, మూడో గేరులో 1.5 చుట్లు. నాలుగో గేరులో మధ్యవర్తి లేడు. లోపలికి వచ్చే షాఫ్టూ బయటికి వెళ్ళే షాఫ్టూ నేరుగా కలిసిపోయి ఒకటిగా తిరుగుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు పెట్టె లోపలికి తొంగిచూద్దాం. ఇంజను నుంచి క్లచ్ మీదుగా ఒక షాఫ్టు లోపలికి వస్తుంది. అది పెట్టె అడుగున ఉండే మరో షాఫ్టును ఎప్పుడూ తిప్పుతూ ఉంటుంది. దీన్ని లే షాఫ్టు అంటారు. పైన చక్రాలకు వెళ్ళే మెయిన్ షాఫ్టు ఉంటుంది. దాని మీద రెండో గేరు, మూడో గేరు పళ్ళచక్రాలు వదులుగా కూర్చుని, లే షాఫ్టు పళ్ళతో ఎప్పుడూ కలిసే ఉండి, తమ మానాన తాము తిరుగుతుంటాయి. గేరు వేయడం అంటే వీటిలో ఒకదాన్ని మెయిన్ షాఫ్టుకు బిగించడమే. ఒక స్లీవు పక్కకు జరిగి, ఆ చక్రం పక్కనున్న చిన్న చిన్న పళ్ళను పట్టుకుంటుంది. చాలామంది గేరు మార్చినప్పుడు పెద్ద పళ్ళచక్రాలే ఒకదానిలోకి ఒకటి దూరుతాయని అనుకుంటారు. 1890ల్లో ఫ్రాన్సులో లెవాసోర్ తయారుచేసిన కార్లలో అలాగే ఉండేది. అంబాసిడర్‌లో మొదటి గేరు, రివర్సు గేరు మాత్రమే ఆ పాత పద్ధతిలో జరిగి కలుస్తాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. స్లీవు ఒక వేగంతో తిరుగుతోంది. అది పట్టుకోవలసిన చక్రం ఇంకో వేగంతో తిరుగుతోంది. నడుస్తున్న బస్సును ఎక్కాలంటే మీరూ దాని వేగంతో పరుగెత్తాలి కదా. పరుగెత్తకుండా కమ్మీ పట్టుకుంటే చెయ్యి ఊడుతుంది. (ఇది ఉదాహరణ కోసమే, చేసి చూడకండి!) వేగాలు సమానం కాకుండా పళ్ళు తగిలితే వచ్చే చప్పుడే ఆ “కర్ ర్ ర్”.

ఎంత తేడా ఉంటుందో లెక్కవేద్దాం. మెయిన్ షాఫ్టు నిమిషానికి 1000 చుట్లు తిరుగుతోంది, కారు మూడో గేరులో ఉంది. అప్పుడు లోపలికి వచ్చే షాఫ్టు వేగం 1500. రోడ్డు ఎత్తు వచ్చింది, రెండో గేరుకు దిగాలి. కారు వేగం ఆ క్షణంలో మారదు కాబట్టి మెయిన్ షాఫ్టు 1000 దగ్గరే ఉంటుంది. కాని రెండో గేరులో లోపలి షాఫ్టు 2250 తిరగాలి. అంటే గేరు పడే లోపున దాని వేగాన్ని 750 చుట్లు పెంచాలి. ఎవరు పెంచుతారు?

పూర్వం డ్రైవరే పెంచేవాడు. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు ఒక్కసారి నొక్కి, మళ్ళీ క్లచ్ తొక్కి రెండో గేరు వేసేవాడు. దీన్నే డబుల్ క్లచ్ అంటారు. లారీ డ్రైవర్ల కాళ్ళు ఈ పని నాట్యంలా చేసేవి. 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో తొలిసారి సింక్రోమెష్ అనే ఏర్పాటు వచ్చింది. ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు దీని సృష్టికర్త. ఇత్తడి వంటి లోహంతో చేసిన ఉంగరం ఒకటి, లోపల శంకువు ఆకారంలో చెక్కి ఉంటుంది. స్లీవు పళ్ళను పట్టుకునే ముందు ఈ ఉంగరాన్ని చక్రం మీదున్న ఉక్కు శంకువుకు అదుముతుంది. రెండింటి మధ్య ఘర్షణ పుట్టి, వేగాలు సమానమవుతాయి. సమానమయ్యే దాకా ఉంగరం దారి కూడా ఇవ్వదు. అంబాసిడర్‌లో ఈ ఏర్పాటు రెండు, మూడు, నాలుగు గేర్లకే ఉండేది. మొదటి గేరుకు లేదు. కారు పూర్తిగా ఆగాకనే మొదటి గేరు వెయ్యమని పెద్దవాళ్ళు చెప్పడంలో కారణం అదే.

ఇక రోగ నిర్ణయానికి వద్దాం. గేరు గీపెడితే తప్పు మూడు చోట్ల ఎక్కడైనా ఉండవచ్చు. గేరు రాడ్డు నుంచి పెట్టె దాకా వెళ్ళే కడ్డీలలో, క్లచ్‌లో, లేదా పెట్టె లోపలి సింక్రో ఉంగరంలో. మూడు పరీక్షలతో వీటిని విడదీయవచ్చు. ఇవి కారు నడపడం వచ్చిన పెద్దవాళ్ళు చేయాలి. మీరు పక్కన ఉండి చూడండి, చెవులు రిక్కించి వినండి.

మొదటిది: ఇంజను ఆపేసి, సమతలంపై, చక్రాల కింద రాళ్ళు పెట్టి, క్లచ్ తొక్కి ఒక్కో గేరూ వేసి చూడాలి. లోపల ఏదీ తిరగడం లేదు కాబట్టి వేగాల తగాదా లేదు. అప్పుడు కూడా గేరు పడక మొరాయిస్తే కడ్డీలను అనుమానించాలి. అయితే ఒక జాగ్రత్త. పన్ను మీద పన్ను సరిగ్గా ఎదురుపడి ఆగిపోతే మంచి గేరుబాక్సు కూడా మొరాయిస్తుంది. కారును జానెడు ముందుకు నెట్టి మళ్ళీ చూడాలి. స్టీరింగు పక్క గేరు రాడ్డు ఉన్న కార్లలో ఆ రాడ్డుకూ పెట్టెకూ మధ్య చాలా కీళ్ళు ఉంటాయి. ఒక్కో కీలులో ఒక్కో బుష్. అవి అరిగితే ఒక్కోదానిలో కొద్ది వదులే అయినా, అన్నీ కలిసి రాడ్డు అటూ ఇటూ ఊగుతుందే తప్ప లోపలి ఫోర్కు పూర్తిగా కదలదు. పాత టాక్సీ డ్రైవరు నడిరోడ్డు మీద కారాపి, బానెట్ ఎత్తి, కడ్డీలను చేత్తో లాగి మళ్ళీ బండెక్కడం మీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. బుష్‌లు మార్చి, కడ్డీల పొడవు సరిచేస్తే ఈ జబ్బు పోతుంది. పెట్టెను తాకనక్కర్లేదు.

రెండోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఇంజను తిరుగుతూ ఉండాలి, కారు నిలిచి ఉండాలి, న్యూట్రల్‌లో. క్లచ్ పూర్తిగా తొక్కి, మెల్లగా పది అంకెలు లెక్కపెట్టాలి. అప్పుడు రివర్సు గేరు వెయ్యాలి. ఎందుకు పది? క్లచ్ తొక్కగానే ఇంజనుకూ పెట్టెకూ సంబంధం తెగిపోతుంది. లే షాఫ్టు నూనెలో మునిగి ఉంటుంది కనుక, నూనె నిరోధం వల్ల కొద్ది క్షణాల్లో ఆగిపోతుంది. కారు నిలిచి ఉంది కాబట్టి మెయిన్ షాఫ్టు ముందే ఆగి ఉంది. రెండూ ఆగి ఉంటే చప్పుడు రాకూడదు. పదిదాకా లెక్కపెట్టాక కూడా చప్పుడు వస్తే? లే షాఫ్టును ఎవరో ఇంకా తిప్పుతున్నారు. తిప్పగలిగింది ఇంజను ఒక్కటే. అంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు! రివర్సుకు సింక్రో ఉంగరం లేదు కనుక నేరాన్ని దాని మీదకు తోయడానికి వీల్లేదు. చూశారా, ఎంత చక్కగా ఒక నిందితుడు బయటపడ్డాడో.

క్లచ్ ఎందుకు విడిపోదు? అంబాసిడర్‌లో పెడలుకూ క్లచ్‌కూ మధ్య ద్రవం ఉంటుంది. పెడలు తొక్కితే మాస్టర్ సిలిండరులో పిస్టను ద్రవాన్ని నొక్కుతుంది. ఆ పీడనం గొట్టం వెంట వెళ్ళి స్లేవ్ సిలిండరులోని పిస్టనును తోస్తుంది. పాస్కల్ నియమమే ఇది. విడిపోయినప్పుడు క్లచ్ ప్లేటుకు ఒక్కో పక్క దొరికే సందు మిల్లీమీటరు లోపే. రబ్బరు వాషరు అరిగి కాస్త ద్రవం కారిపోయినా, గొట్టంలోకి గాలి బుడగ చేరినా ఆ కొద్ది సందు కూడా రాదు. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు. గాలి కుదించుకుపోతుంది. మీ కాలు వేసిన బలం బుడగను నలపడానికే సరిపోతుంది. పెడలును నాలుగైదు సార్లు గబగబా తొక్కితే గేరు సాఫీగా పడుతోందంటే, గాలి చేరిందనో ద్రవం తగ్గిందనో అర్థం. తొట్టిలో ద్రవం చూసి, తడి మరకలు వెతికి, వాషరు మార్చి, మరలోంచి గాలి తీసేస్తే సరి. అది కూడా కాకపోతే వంకరపోయిన క్లచ్ ప్లేటును అనుమానించాలి. అప్పుడు మాత్రం గేరుబాక్సు దించక తప్పదు.

మా ఊరి టాక్సీ స్టాండులో ఒక డ్రైవరు ఉండేవాడు. పెళ్ళిళ్ళ సీజను ముందు ఆయన కారు గేర్లు గీపెట్టడం మొదలుపెట్టాయి. ఒక షెడ్డులో గేరుబాక్సు మొత్తం మార్చాలన్నారు. ఆ ఖర్చుకు కారు అమ్ముకోవడమే నయమని ఆయన దిగులుపడ్డాడు. చివరికి ఒక పెద్ద మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన పానా కూడా పట్టుకోలేదు. “క్లచ్ తొక్కి పది లెక్కపెట్టు తమ్ముడూ” అన్నాడు. పదకొండో క్షణాన “కర్ ర్ ర్”. “నీ పెట్టెకేం కాలేదు, కింద తడి చూడు” అన్నాడు. స్లేవ్ సిలిండరు చెమరుస్తోంది. రబ్బరు వాషరు ఒక్కటి మార్చారు. ఆ ఏడు పెళ్ళిళ్ళన్నింటికీ ఆ కారు తిరిగింది.

మూడో పరీక్ష నడుస్తున్న కారులో చేయాలి. పై రెండింటిలో తప్పు దొరకలేదు, అయినా మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు గీపెడుతోంది. అప్పుడు డ్రైవరును డబుల్ క్లచ్ తొక్కి చూడమనాలి. సింక్రో ఉంగరం చేయవలసిన పనిని డ్రైవరు తానే చేస్తున్నాడన్నమాట. చప్పుడు మాయమైతే ఉంగరం అరిగిందని తేలిపోతుంది. ఉంగరం లోపలి వైపు సన్నని గాడులు ఉంటాయి. అవి శంకువు మీది నూనె పొరను గీకేసి, లోహాన్ని లోహం పట్టుకునేలా చేస్తాయి. గాడులు అరిగిపోతే ఉంగరం నూనె మీద తేలి జారుతుంది. దీనికి మందు కొత్త ఉంగరమే. ఉంగరం ఖరీదు తక్కువ, దాని దాకా చేరే కూలి ఎక్కువ. పెట్టె ఎలాగూ విప్పారు కాబట్టి పక్క గేర్ల ఉంగరాలు, బేరింగులు కూడా అప్పుడే పరీక్షించడం తెలివైన పని. ఉంగరాన్ని చేత్తో శంకువు మీద నొక్కి తిప్పితే గట్టిగా పట్టుకోవాలి. జారితే పారెయ్యడమే.

చలికాలం పొద్దున్నే గేర్లు బరువుగా పడి, పది కిలోమీటర్లు వెళ్ళాక తేలికపడితే అది జబ్బు కాదు. చల్లని నూనె చిక్కగా ఉంటుంది. ఆముదాన్ని వేడిచేసి చూడండి, తెలుస్తుంది. అయితే తేలికగా పడాలని ఏదో ఒక నూనె పోయకూడదు. వెనక ఇరుసుకు వాడే నూనెలు కొన్నింటిలో గంధకపు రసాయనాలు కలుపుతారు. అవి ఉక్కు పళ్ళను కాపాడతాయి గాని, రాగి కలిసిన లోహాలను తినేయగలవు. మన ఉంగరం ఇత్తడి జాతిది కదా! కారుతో వచ్చే పుస్తకంలో చెప్పిన నూనెనే పోయాలి.

చప్పుళ్ళ సంగతి కొంచెం. న్యూట్రల్‌లో ఇంజను తిరుగుతుంటే గుర్రుమని, క్లచ్ తొక్కగానే ఆగిపోతే, లోపలికి వచ్చే షాఫ్టు బేరింగో లే షాఫ్టు బేరింగో పోయింది. తొక్కినప్పుడే చప్పుడు వస్తే క్లచ్ రిలీజ్ బేరింగు. ఒక్క గేరులోనే వస్తే ఆ గేరు పళ్ళు. ఒకటి, రెండు, మూడులో మూలిగి నాలుగులో నెమ్మదిస్తే? ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడ కావాలి. నాలుగో గేరులో బరువు లే షాఫ్టు మీద పడదు. కాబట్టి నేరం లే షాఫ్టుది. కారు న్యూట్రల్‌లో దొర్లుతున్నా వచ్చే హోరు చక్రాల వేగంతో మారుతుంటే గేరుబాక్సును వదిలేసి వెనక ఇరుసు వైపు వెళ్ళండి. రివర్సులో వచ్చే కీచు మాత్రం రోగం కాదు. ఆ గేరు పళ్ళు ఏటవాలుగా కాక తిన్నగా చెక్కి ఉంటాయి. అందుకే ఆరోగ్యమైన కారు కూడా వెనక్కి వెళ్ళేటప్పుడు కూస్తుంది.

వీటన్నింటికంటె ప్రమాదమైనది చప్పుడు లేని జబ్బు. గేరు తనంతట తానే ఊడి న్యూట్రల్‌లోకి రావడం. చదునైన రోడ్డు మీద ఇది చికాకు. తిరుమల కొండో అరకు కొండో దిగేటప్పుడు ప్రాణాల మీదకు వస్తుంది. కొండ దిగేటప్పుడు డ్రైవరు రెండో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తాడు. అప్పుడు ఇంజను చక్రాలను తిప్పదు, చక్రాలే ఇంజనును తిప్పాలి. ఆ శ్రమ కారును పట్టి ఉంచుతుంది. గేరు ఊడితే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకులు ఎడతెగకుండా వేస్తే వేడెక్కి పట్టు కోల్పోతాయి. చిత్రమేమంటే గేరు ఊడేది సరిగ్గా యాక్సిలరేటరు వదిలినప్పుడే. పళ్ళ మీద ఒత్తిడి దిశ అప్పుడే మారుతుంది. స్లీవు పళ్ళ అంచులు గుండ్రంగా అరిగి ఉంటే జారిపోతుంది. కడ్డీని గుంటలో నిలిపి ఉంచే చిన్న గోళీ, దాని వెనకాల స్ప్రింగు బలహీనపడినా ఇంతే. స్ప్రింగు మార్చడం చిన్న పని. ఇంజను కింది రబ్బరు దిమ్మలు కుంగినా గేరు ఊడవచ్చు కాబట్టి ముందు వాటిని చూడాలి. ఏదైనా సరే, బాగుచేయించే దాకా ఆ కారు కొండ ఎక్కకూడదు. అది నిలిపిన చోట గేరు మీద నమ్మకం పెట్టుకోక, హ్యాండ్ బ్రేకుతో పాటు చక్రాలకు రాళ్ళు పెట్టాలి. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కిందికి మీరు గాని, మెకానిక్కు గాని దూరకూడదు. కింద గట్టి స్టాండు తప్పనిసరి.

చివరగా మీరే చేయగల పరీక్ష ఒకటి. నూనె మార్చే రోజున షెడ్డుకు వెళ్ళి, పాత నూనె కొద్దిగా తెల్లని పింగాణీ సాసరులో పోయించుకోండి. అయస్కాంతాన్ని పలుచని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో తిప్పండి. మెత్తని బూడిదరంగు ముద్ద కొద్దిగా అంటితే అది మామూలు అరుగుదల. ఉక్కు పెచ్చులు అంటితే పళ్ళో బేరింగులో విరుగుతున్నాయి. నూనె పాలలా తెల్లబడితే నీళ్ళు చేరాయి. నూనెలో బంగారు రంగు మెరుపులుండి, అయస్కాంతానికి అంటకపోతే అవి ఎక్కడివో మీకు ఇప్పుడు తెలుసు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. నూనెను కాలవలో పారబోయకుండా షెడ్డులోని డబ్బాలోనే పోయండి.

ఇదిగో మీకొక లెక్క. ఒక పాత అంబాసిడర్. ఇంజను ఆపినప్పుడు అన్ని గేర్లూ సులువుగా పడుతున్నాయి. క్లచ్ తొక్కి పది లెక్కపెట్టి రివర్సు వేస్తే చప్పుడు లేదు. మూడు నుంచి రెండుకు దిగితే గీపెడుతోంది. నాలుగు నుంచి మూడుకు దిగితే లేదు. నూనెలో అయస్కాంతానికి అంటని పసుపు పొడి ఉంది. షెడ్డువారు క్లచ్ ప్లేటు మార్చాలంటున్నారు. ఆ డ్రైవరు మామయ్యకు మీరేం చెబుతారు?